ఇరవై రెండు కిలోల దూరం

ఫిబ్రవరి 26, సోమవారం

మెల్‌బోర్న్ నుంచి మిల్డూరాకి ఆరు గంటల ప్రయాణం. దారి పొడుగునా నా మొగుడు మాకా ఒక్క జోకు కూడా వెయ్యలేదు. పద్దెనిమిదేళ్ల కాపురంలో అతను ఆరు గంటలు నోరు మూసుకుని కూర్చోవడం ఇదే మొదటిసారి.

రక్తం కలిసింది. నా కిడ్నీలు రెండూ భేషుగ్గా ఉన్నాయట. షుగర్ లేదు. సెమిసి అన్నయ్యకి నా కిడ్నీ ఒకటి సరిపోతుంది. కానీ ఇప్పుడే ఇవ్వనివ్వరు. నేను నూట పద్నాలుగు కిలోలు. తొంభై రెండుకి దిగితేగానీ కత్తి ముట్టుకోం అన్నారు. ఇంత ఒంటితో ఆపరేషన్ అంటే నాకే ప్రమాదమట. ఆ తర్వాత మిగిలే ఒక్క కిడ్నీ మీద భారం కూడా ఎక్కువేనట.

కిడ్నీ ఇచ్చేవాళ్ల సంగతి చూసే నర్సు పేరు గ్లెనిస్. మంచి మనిషి. నైటే అనే నా పేరు ఒక్కసారికే పట్టేసింది. "నీ కిడ్నీ మాకు చాలా నచ్చిందమ్మా. దాని దగ్గరికి చేరడానికే దారి లేదు" అంది. అక్కడ నవ్వాను. కారెక్కాక ఏడ్చాను.

అన్నయ్య సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్ మిషన్ పక్కన కూర్చుంటాడు. రోజుకి ఐదు గంటలు. మూడేళ్లయింది. అంతకుముందు ద్రాక్షతోటలో అందరికంటే ముందు వరస ముగించి, పక్కవాడి వరసలో సాయానికి దూరేవాడు. ఇప్పుడు గేటు దాకా వెళ్లి, గేటు పట్టుకుని నిలబడతాడు.

ఇరవై రెండు కిలోలు. ప్యాకింగ్ షెడ్‌లో నేను రోజూ ఎత్తే ద్రాక్షపెట్టెలు రెండు. ఎత్తడం వచ్చు. దించడమే రాదు.

మార్చి 1, శుక్రవారం

ఆకలి తగ్గడానికి ఊళ్లో డాక్టరు రాసిచ్చిన మందు ఇవాళ మొదలుపెట్టాను. ఇంజెక్షన్ పెన్నులా ఉంటుంది. వారానికొకసారి పొట్టమీద పొడుచుకోవాలి. పండగలకి పందిని ఒంటిచేత్తో పడగొట్టే మాకా, సూది కనపడగానే గోడవైపు తిరిగాడు. "అయిందా? అయిందా?" అని ఒకటే గొడవ. నేను పొడుచుకుని, మూతపెట్టి, టీ పెట్టుకుని తాగుతున్నా ఇంకా గోడవైపు నుంచే అడుగుతున్నాడు.

మార్చి 3, ఆదివారం

చర్చి అయ్యాక అన్నయ్య ఇంట్లో భోజనం. వదిన పోయిన దగ్గర్నుంచీ అమ్మ అక్కడే ఉంటోంది. చేమాకుల్లో మాంసం, కొబ్బరిపాలు చుట్టి ఉడికించే మా దీవుల వంట, లూ చేసింది. నాలుగు తిన్నాను.

మందు పనిచెయ్యడం లేదు.

మార్చి 9, శనివారం

పనిచేస్తోంది.

ద్రాక్షకి బూజు పట్టకుండా పెట్టెల్లో వేసే గంధకం కాగితానికి వాసన ఉంటుందని పదేళ్లలో నాకు తెలియనే లేదు. ఇవాళ తెలిసింది. మూడుసార్లు బయటికి పరుగెత్తాను. పక్కన పనిచేసేది "నెల తప్పిందా?" అని అడిగింది. నలభై ఏడేళ్లకి! మధ్యాహ్నమయ్యేసరికి షెడ్ మొత్తం నాకు శుభాకాంక్షలు చెప్పింది. సాయంత్రం ఫోర్క్‌లిఫ్ట్ నడిపే అతను మాకాకి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. మాకా ఇచ్చేశాడు, ఎందుకో కనుక్కోకుండానే.

మార్చి 26, మంగళవారం

నిద్ర లేవగానే నా బుర్రలో ఒక గొంతు మొదలయ్యేది. ఏం తిందాం, ఎప్పుడు తిందాం, ఇంకొంచెం ఉందా. అది ఆగిపోయింది. ఇన్నేళ్లూ అందరికీ ఇంత నిశ్శబ్దంగా ఉండేదా? నాకు తెలియనే తెలియదు.

ఐదున్నర కిలోలు పోయాయి. పొద్దున టీ, మధ్యాహ్నం రెండు బిస్కెట్లు. రాత్రికి ఏమీ లేదు. ఇంత సులువని తెలిస్తే ఎప్పుడో చేసేదాన్ని.

ఏప్రిల్ 8, సోమవారం

పది గంటలకి లైను దగ్గర నిలబడి ఉన్నాను. పదీ ఐదుకి నేలమీద ఉన్నాను. మధ్యలో ఏం జరిగిందో తెలియదు. కళ్లు తెరిస్తే సూపర్‌వైజరు ఖాళీ అట్టపెట్టెతో నా మొహానికి విసురుతున్నాడు.

డాక్టరు బీపీ చూసి నన్ను నేరుగా డైటీషియన్ దగ్గరికి పంపాడు. ఆ అమ్మాయి పేరు నెరిడా. నాకంటే ఇరవయ్యేళ్లు చిన్నది. తిట్టడంలో మాత్రం మా అమ్మకి అక్క. రోజూ ఏం తింటున్నారని అడిగింది. చెప్పాను. రాసుకుంటున్నది ఆపేసింది.

"ఇది తినడం కాదు, పస్తులుండటం. పోతున్నదంతా కొవ్వే అనుకుంటున్నారా? కండ కూడా పోతోంది."

బరువు తగ్గితే చాలు కదా, వాళ్లకి కావలసింది అదేగా అన్నాను.

"వాళ్లకి తేలికైన మనిషి అక్కర్లేదండీ. గట్టి మనిషి కావాలి. కోసినా లేచి నడిచే మనిషి కావాలి. మందు మీ ఆకలిని ఆపుతుంది, అంతే. ఎలా తినాలో, ఎలా బతకాలో అది నేర్పదు. అది ఒంట్లో ఉండగానే మీరు నేర్చేసుకోవాలి."

నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. చేతులు గుండెలమీద కట్టుకుని అరనిమిషంలో ఎన్నిసార్లు లేవగలిగితే అన్నిసార్లు లేవమంది. ఏడు. ఏడోసారి కుర్చీ కూడా నాతోపాటే లేచింది.

ఏదో పెద్ద చార్టు చేతిలో పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. పొద్దున్నే ఆకలున్నా లేకపోయినా రెండు గుడ్లు తినమంది. భోజనంలో మాంసం ముందు తినమంది. లైను దగ్గర నీళ్ల సీసా పెట్టుకోమంది. టీ మరిగేలోపు కుర్చీలోంచి పదిసార్లు లేవమంది. ఈ వారానికి ఇంతకంటే ఏమీ చెయ్యొద్దంది, నడక ఆ తర్వాతేనంది. ఇంకేదైనా చేస్తానన్నా ఒప్పుకోలేదు.

ఏప్రిల్ 11, గురువారం

రెండు గుడ్లు. మాకా చూడకుండా రెండోది అతని పళ్లెంలో వేశాను. చూశాడు. తీసి నా పళ్లెంలోనే వేశాడు.

ఏప్రిల్ 14, ఆదివారం

అమ్మ ఎప్పట్లాగే నాలుగు లూలు వడ్డించింది. ఒకటి తిని ఆపాను. అమ్మ చేతిలో గరిటె గాల్లోనే ఉండిపోయింది.

"ఏం, నా వంట చేదెక్కిందా?"

కడుపు నిండిందన్నాను.

"నీ కడుపు నిండటం నలభై ఏడేళ్లలో నేనైతే చూళ్లేదు. ఎవరు మాడుస్తున్నారే నిన్ను? నువ్వేనా?" అని మాకా మీదికి తిరిగింది. మాకా చేమదుంప నోట్లో పెట్టుకుని, నన్నేం అడక్కండి అన్నట్టు చెయ్యి ఊపాడు.

ఇంక దాచలేకపోయాను. ఇంజెక్షన్ సంగతి చెప్పాను. గుడ్ల సంగతి, మాంసం ముందు తినమన్న సంగతి చెప్పాను. ఎందుకోసమో చెప్పాను. మెల్‌బోర్న్ వెళ్లింది వాళ్లకి చెప్పినట్టు బండి స్పేర్‌పార్ట్ కోసం కాదని చెప్పాను. అన్నయ్య లేచి బయటికి వెళ్లిపోయాడు.

అమ్మ చాలాసేపు బల్లమీది గుడ్డ సర్దుతూనే ఉంది. ఆమెకి ఉన్నది మేమిద్దరమే. ఇద్దర్నీ ఒకే రోజు కత్తికింద పెట్టాలి. ఆమె మొహంవైపు చూడలేకపోయాను.

చివరికి నా పళ్లెం లాక్కుంది. మిగిలిన మూడు లూలూ విప్పింది. మాంసం ముక్కలన్నీ ఏరి, కొబ్బరిపాలు ఒంపేసి, చిన్న గిన్నెలో వేసి నా ముందు పెట్టింది.

"మాంసం ముందు తినమన్నారన్నావుగా. తిను."

తిన్నాను. ఏడుస్తూ తింటే లూ కొంచెం ఉప్పగా ఉంటుంది.

ఏప్రిల్ 20, శనివారం, ఉదయం ఆరున్నర

తలుపు దబదబా బాదుతున్నారు. తీస్తే అమ్మ. రబ్బరు బూట్లు, నెత్తిమీద చర్చికి పెట్టుకునే టోపీ.

"నడవాలటగా. పద."

ఎవరు చెప్పారని అడిగితే మాకా వైపు చూపించింది. మాకా దుప్పటి కప్పుకుని నిద్ర నటించాడు.

నది గట్టున ఇరవై నిమిషాలు నడిచాం. అమ్మ కీర్తన అందుకుంది. పల్లవి దగ్గర మామూలుగా నడుస్తుంది, చరణం వచ్చేసరికి వేగం పెంచుతుంది. ఆ కీర్తనకి ఆరు చరణాలు. డెబ్బై రెండేళ్ల మనిషి వెనకాల నేను రొప్పుతూ పరుగెత్తడం పెలికాన్‌లు కూడా చూశాయి.

మే 17, శుక్రవారం

నూట నాలుగు.

చర్చి ఆడవాళ్లు నలుగురు మాతో కలిశారు. అమ్మ ఒక రూలు పెట్టింది. కబుర్లు ఎన్నైనా చెప్పుకోవచ్చు, నడుస్తూ చెప్పుకోవాలి. ఆగితే కబురు ఆపెయ్యాలి. ఇవాళ పాస్టరుగారి మరదలి విషయం పూర్తవ్వక ఎనభై నిమిషాలు నడిచాం.

జూన్ 12, బుధవారం

ఎవరికీ చెప్పుకోలేని సంగతి. నాలుగు రోజులైంది.

జూన్ 13, గురువారం

నెరిడాకి చెప్పుకున్నాను. మందు తీసుకునేవాళ్లకి మామూలేనంది. ఓట్స్, కివీపళ్లు, ఇప్పుడు తాగేదానికి రెట్టింపు నీళ్లు.

జూన్ 15, శనివారం

దేవుడికి స్తోత్రం.

జూన్ 29, శనివారం

నా పళ్లెంలో మిగిలినవి వృథా పోకూడదని రోజూ తింటున్నాడు మా మహానుభావుడు. ఇవాళ ఇద్దరం బరువు చూసుకున్నాం. మార్చి నుంచి నేను పదమూడు తగ్గాను. అతను ఏడు పెరిగాడు. మెషీన్ తప్పంటాడు. నేను దిగాక తను ఎక్కాడు కాబట్టి నాది కొంచెం దానికి అంటుకుందట.

రేపట్నుంచి పెరట్లో ఇద్దరం కమలాపళ్ల బకెట్లు ఎత్తాలి. వారానికి మూడు రోజులు. నెరిడా ఆర్డరు. గుడ్లు, నీళ్లు, కుర్చీ అలవాటయ్యాకే ఇది ఇచ్చింది. ఇప్పుడు టీ మరుగుతుంటే నా కాళ్లు వాటంతటవే లేస్తున్నాయి, కూర్చుంటున్నాయి.

జులై 23, మంగళవారం

మాకా షెడ్ నుంచి వచ్చి బూట్లు విప్పకుండా నిలబడ్డాడు. అలా నిలబడితే ఏదో ఉందని అర్థం. అన్నయ్య కబురు పంపాడు. తనకి కిడ్నీ వద్దట. చెల్లెల్ని కోయించుకుని బతికే బతుకు తనకెందుకన్నాడట. ఇంజెక్షన్ ఆపెయ్యమన్నాడట.

వంద కిలోలు చూసుకున్న రోజునే ఈ మాట వినాలా?

జులై 24, బుధవారం

డయాలసిస్‌కి వెళ్లాను. అన్నయ్య కళ్లు మూసుకుని ఉన్నాడు. చేతిలోంచి రెండు గొట్టాలు, వాటిలో తిరుగుతున్న రక్తం. పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"మాకాతో చెప్పి పంపాల్సిన మాటా అది? నా మొహం మీద చెప్పు."

కళ్లు తెరవలేదు. "నైటే, నీకేమైనా అయితే అమ్మకి నేనేం చెప్పను?"

"నీకేమైనా అయితే నేనేం చెప్పాలో అది కూడా నువ్వే చెప్పు మరి."

మొహం మిషన్ వైపు తిప్పుకున్నాడు. అప్పుడు నాకు కోపం వచ్చింది. నిజం కోపం.

"అన్నయ్యా, మన వంశంలో ఆడపడుచు మాటకి ఎదురుందా? నాన్న మన మేనత్త ముందు తల ఎత్తేవాడా? నీ కూతురి పెళ్లిలో మేనత్తకి వేసే చాపమీద అందరికంటే ముందు కూర్చుంది ఎవరు? నేను. ఇన్నేళ్లలో ఆ పెద్దరికం ఒక్కసారైనా వాడుకున్నానా? ఇవాళ వాడుతున్నా. నువ్వు నా కిడ్నీ తీసుకుంటున్నావు. నేను అడగడం లేదు, చెప్తున్నాను."

పక్క కుర్చీలో మిషన్ పెట్టించుకుంటున్న ముసలాయన పేపరు దించి, "నీకొద్దంటే నాకిమ్మను బాబూ" అన్నాడు.

అన్నయ్య కళ్లు తెరిచాడు. నవ్వాడో ఏడ్చాడో తెలియలేదు. రెండూ అయ్యుంటాయి. "సరే" అన్నాడు.

సరే అన్నాక ఊరుకున్నానా? డయాలసిస్ లేని రోజుల్లో గేటు దాకా రెండుసార్లు నడవాలని అది కూడా చెప్పేశాను. గట్టి మనిషి ఇటు ఒక్కరుంటే చాలదుగా.

సెప్టెంబర్ 20, శుక్రవారం

ఐదు వారాలుగా తొంభై ఆరు. అటూ లేదు, ఇటూ లేదు. అమ్మ మెషీన్‌ని తిప్పి కింద చూసి, పిల్లకి శాపం పెట్టింది దీన్ని కొనుక్కొచ్చిన వాడే అంది. కొన్నది మాకా.

నెరిడా మందు పెంచుతుందనుకున్నాను. నిద్ర గురించి అడిగింది. పడుకుని ఫోన్ చూస్తానని చెప్పక తప్పలేదు. ఫోన్ వంటింట్లో చార్జింగ్ పెట్టి రమ్మంది. పెట్టాను. చేతులు ఏం చెయ్యాలో తెలియక మొదటి రోజు మాకా ముక్కు లాగాను.

అక్టోబర్ 18, శుక్రవారం

కదిలింది. తొంభై నాలుగున్నర.

డిసెంబర్ 6, శుక్రవారం

తొంభై ఒకటీ పాయింట్ ఏడు!

మూడుసార్లు ఎక్కి చూశాను. మాకాని ఎక్కనివ్వలేదు, అంటుకుంటుందని. అమ్మ వాకిట్లో చీపురు పట్టుకుని డాన్స్ చేసింది. గ్లెనిస్‌కి ఫోన్ చేశాను. ఆమె కూడా ఆఫీసులో అరిచింది. తర్వాత గొంతు సర్దుకుని అసలు మాట చెప్పింది.

ఇప్పుడు మందు ఆపెయ్యాలి. మందు లేకుండా మూడు నెలలు ఈ బరువు నిలబెట్టుకుంటే ఆపరేషన్ తారీఖు ఇస్తారు. మా డాక్టర్ల పద్ధతి ఇదేనమ్మా, మందు కాదు, నువ్వు నిలబడ్డావని వాళ్లు చూడాలి అంది.

ఫోన్ పెట్టేశాక ఫ్రిజ్ తలుపు తీసి ఆ పెన్నువైపు చాలాసేపు చూశాను.

డిసెంబర్ 23, సోమవారం

ఆ గొంతు తిరిగి వచ్చింది. ఏం తిందాం, ఎప్పుడు తిందాం, ఇంకొంచెం ఉందా.

మిల్డూరాలో నలభై మూడు డిగ్రీల ఎండ. క్రిస్మస్‌కి మూడు పందులు. జనవరి మొదట్లో ప్రార్థనల వారం, ఏడు రోజులూ చర్చి హాల్లో విందు. ఇంతకంటే మంచి ముహూర్తం దొరకలేదా గ్లెనిస్‌కి?

జనవరి 7, మంగళవారం

తొంభై నాలుగు. ప్రార్థనల వారం ఇంకా ఐదు రోజులుంది. నిన్న హాల్లో ఏం తిన్నానో రాయను. ఎంత తిన్నానో అసలు రాయను. మెషీన్‌ని మంచం కిందికి తోసేశాను.

జనవరి 8, బుధవారం

నెరిడాకి ఫోన్ చేసి అన్నీ చెప్పేశాను. పదినెలల కష్టం పోయిందన్నాను. ఇవాళ పొద్దున గుడ్లు తిన్నారా అని అడిగింది. తిన్నాను. నడిచారా? నడిచాను, అమ్మ ఊరుకోదుగా. బకెట్లు? నిన్న ఎత్తాను. ఫోన్ ఎక్కడ పెట్టి పడుకున్నారు? వంటింట్లో.

"మరి ఏం పోయింది?" అంది.

మంచం కిందికి వంగాను.

మెషీన్‌ని బయటికి తీశాను.

జనవరి 9, గురువారం

ఇవాళ విందు వంతు మాది. హాలు నిండా జనం. అమ్మ వడ్డించే ముందు లేచి నిలబడింది. ప్రార్థన చేస్తుందనుకుని అందరూ తలలు దించారు.

"అందరూ వినండి. ఇవాళ చేపలు కాల్చాను, పుచ్చకాయ కోశాను, పందీ ఉంది, లూ కూడా ఉంది. ఎవరికి కావలసింది వాళ్లు తినండి. నా కూతురు మాత్రం తనకి కావలసినంతే తింటుంది. అది తింటున్నది ఇద్దరి కోసం. ఏమ్మా ఇంకో ముక్క వేసుకో, ఇంత చిక్కిపోయావేంటి అని ఎవరైనా దాని పళ్లెంలో చెయ్యి పెట్టారో, ఆ చెయ్యి నేను తీసుకుంటా. ఆమెన్."

హాలంతా ఆమెన్ అంది. పాస్టరుగారు అప్పటికే నాకోసం పైకెత్తిన పంది ముక్కని మెల్లగా తన పళ్లెంలోకి దించుకున్నారు.

చేప తిన్నాను. పుచ్చకాయ తిన్నాను. ఒక లూ తిన్నాను, కొబ్బరిపాలతో సహా. చాలా బాగుంది. ఇంకొకటి కావాలనిపించింది. లేచి వెళ్లి గిన్నెలు కడిగాను.

ఫిబ్రవరి 14, శుక్రవారం

తొంభై రెండూ పాయింట్ తొమ్మిది. మాకా పువ్వులు తేలేదు. ఉడికించిన గుడ్లు డజను తెచ్చి రిబ్బన్ కట్టాడు.

మార్చి 7, శుక్రవారం, మెల్‌బోర్న్

తొంభై రెండూ పాయింట్ నాలుగు.

బూట్లు విప్పాను. గాజులు తీశాను. గ్లెనిస్ నా చెవిపోగులు కూడా అడిగి పుచ్చుకుంది. తొంభై రెండూ పాయింట్ నాలుగే. డయాలసిస్ ముందురోజే చేయించుకుని వచ్చిన అన్నయ్య గోడకానుకుని నేలచూపులు చూస్తున్నాడు.

సర్జన్ కాగితాలన్నీ తిరగేశాడు. బీపీ, షుగర్, కిడ్నీ పరీక్షలు. కుర్చీలోంచి లేచి చూపించమన్నాడు. అరనిమిషంలో పంతొమ్మిది. ఇంకా లేస్తుంటే చాలు చాలన్నాడు.

"మందు ఆపి ఎన్నాళ్లయింది?"

మూడు నెలలన్నాను. ఏం చేస్తున్నారని అడిగాడు. చెప్పడం మొదలుపెట్టాను. నది గట్టు, కీర్తన, బకెట్లు, వంటింట్లో ఫోన్. మాకా మధ్యలో గుడ్ల గురించి అందుకున్నాడు. సర్జన్ ఓపిగ్గా విని పెన్ను తీశాడు.

"నాలుగొందల గ్రాముల కోసం మీ అన్నయ్యని ఇంకా కూర్చోబెట్టను" అన్నాడు.

తారీఖు రాసిచ్చాడు, ఏప్రిల్ 29.

ఏప్రిల్ 28, సోమవారం

రేపు. అమ్మ మా రెండు మంచాల మధ్య కారిడార్‌లో అటూ ఇటూ నడుస్తోంది. భయంలో కూర్చోవడం మర్చిపోయిందట.

ఏప్రిల్ 30, బుధవారం

పొద్దున నర్సు పట్టుకుంటే ఐదు అడుగులు వేశాను. నొప్పి. మళ్లీ ఐదు.

మా వాళ్లలో అన్నాచెల్లెళ్లు ఒకరి ముందు ఒకరు ఒంటి సంగతులు ఎత్తకూడదు. యాభై మూడేళ్ల మనిషి, చర్చి పెద్ద, నా ముందు తుమ్మడానికి కూడా పక్కకి తిరిగేవాడు. మూడేళ్లుగా ఆయనకి చుక్క మూత్రం రాలేదని నాకు మాకా ద్వారానే తెలుసు.

ఇందాక కారిడార్ అవతలి నుంచి, డాక్టర్లు, నర్సులు, అమ్మ, అందరూ వింటుండగా అరిచాడు:

"నైటే! నాలుగు లీటర్లు పోశానే!"

నవ్వితే కుట్లు లాగుతాయన్నారు. లాగాయి.